కారులో రిసీవరు

మణి పోయిన రోజు గురువారం. ఆ సాయంత్రం కువైట్‌లో, మిష్రిఫ్ దగ్గర ఒక పెళ్లి హాలులో, పెళ్లికూతురు కూర్చోవలసిన సోఫాలో ఆమెను కూర్చోబెట్టి నేను మూడు ఫొటోలు తీశాను.

"గడ్డం కొంచెం పైకెత్తు" అన్నాను.

"ఇంకా ఎంతండీ? పెళ్లికూతుర్ని కాస్త సిగ్గుపడనివ్వరా?"

"నువ్వు పెళ్లికూతురివి కాదు. నీ మీద లైటు చూస్తున్నాను."

"ఆయ్. పెళ్లిచూపుల్లోనూ ఇదే మాటన్నారు. అమ్మాయిని కాస్త వెలుతురులోకి రమ్మనండీ అని. మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుద్ది."

ఆమె నవ్వుతుండగా మూడోది తీశాను. ఎడమ చెంప మీద వెలుగు, కుడి పక్కన పలచని నీడ. సరిపోయింది. కెమెరా ఆమె చేతికిచ్చి, సంచులు తీసుకుని బయటికి వచ్చేశాను.

ప్రతి పెళ్లికీ మా పద్ధతి అదే. కువైటీల పెళ్లిలో ఆడవాళ్ల హాలులోకి మగవాడు అడుగు పెట్టకూడదు. పెళ్లికొడుకు కూడా చివర్లో వచ్చి కాసేపుండి వెళతాడు, అతను వస్తున్నాడంటే అందరూ నల్లటి అబాయాలు ఒంటినిండా కప్పుకుంటారు. వచ్చినవాళ్ల ఫోన్లు గుమ్మం దగ్గరే తీసి పెడతారు. ఫొటోలు తీసేది ఆడమనిషే, తరవాత వాటిని కంప్యూటర్లో దిద్దేదీ ఆడమనిషే. మగవాడి కన్ను వాటి మీద పడకూడదు. అందుకని అతిథులు రాకముందే నేను లోపలికి వెళ్లి, స్టాండ్లు నిలబెట్టి, ఫ్లాష్‌లు బిగించి, తెల్ల గొడుగులు తెరిచి, మణిని సోఫాలో కూర్చోబెట్టి వెలుతురు సరిచూసేవాణ్ని. తరవాతదంతా ఆమె పని. ఆమె తీసిన ఫొటో ఒక్కటి కూడా నేను చూడలేదు.

కెమెరా నెత్తి మీద అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బా ఒకటి ఉండేది. దాన్ని ట్రిగ్గరు అంటారు. ఒక్కో ఫ్లాష్ కింద రిసీవరు ఒకటి. ఆమె బటన్ నొక్కితే ట్రిగ్గరు రేడియోలాగా కబురు పంపుతుంది, హాలు మూలల్లో ఉన్న ఫ్లాష్‌లన్నీ ఒక్కసారే వెలుగుతాయి. మధ్యలో వైరు లేదు. నేల మీద ఈడ్చుకుపోయే ఆ గౌన్ల మధ్య వైరు పరిస్తే ఎవరో ఒకరు పడాల్సిందే. ఫ్లాష్‌ను కెమెరా మీదే పెట్టుకోవచ్చు కదా అని నేను మొదట్లో అడిగాను.

"అలా కొడితే మొహానికి సున్నం కొట్టినట్టుంటాదండీ. పక్క నించి పడాలి. మీరు పిల్లలకి కాంతి పాఠం చెప్తారు గానీ, కాంతి ఎటు నించి రావాలో మీకు తెలీదు" అంది.

నేను ఇండియన్ స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఆ మాట మా టీచర్లందరికీ చెప్పి నవ్వించింది కూడాను.

మా దగ్గర స్పేర్ రిసీవరు ఒకటి ఉండేది. హాలు వెనక, వంటవాళ్లు వచ్చిపోయే తలుపు పక్కన కారు ఆపుకుని, దాన్ని స్టీరింగ్ ముందు పెట్టుకునేవాణ్ని. ఆ కబురు గోడ దాటి వస్తుంది. లోపల ఆమె నొక్కినప్పుడల్లా రిసీవరు మీద చిన్న ఎర్ర దీపం వెలిగి ఆరేది. ఎప్పుడో ఒకసారి వెలిగితే అందరూ భోజనాల్లో ఉన్నారని అర్థం. గబగబా వెలిగితే పెళ్లికూతురు నడిచి వస్తోందని అర్థం. దాన్ని చూస్తూ నేను పరీక్ష పేపర్లు దిద్దుకునేవాణ్ని. అది రెండువేల పన్నెండు మార్చి. సంవత్సరాంతం పేపర్లు వెనక సీటు నిండా ఉన్నాయి.

ఆ రోజు దీపం గబగబా వెలిగింది. తరవాత నెమ్మదించింది. తరవాత ఆగిపోయింది. చాలాసేపు చూశాను. రిసీవరు బ్యాటరీలు అయిపోయాయనుకుని, సంచిలోంచి కొత్తవి తీసి వేశాను. వేసిన కాసేపటికి ఒకసారి వెలిగింది. బ్యాటరీలే అనుకుని ఇంకో పేపరు తీసుకున్నాను.

ఆ పేపరు సగం దిద్దేసరికి వంటవాళ్ల తలుపు తోసుకుని పుష్పలత వచ్చింది. కడప వైపు మనిషి. పెళ్లికూతురి ఇంట్లో ఏళ్లుగా పనిచేస్తోంది. ఈ పెళ్లి మాకు ఇప్పించింది ఆమే.

"అన్నా, రా అన్నా. అక్క పడిపాయె."

"ఎక్కడ?"

"స్టేజీ కాడ. పిలిస్తే పలకల్యా."

పరిగెత్తాను. లోపలి తలుపు దగ్గర ఆమే నా ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపింది. "నువ్వు ఈడే ఉండన్నా. లోపల ఆడోళ్లు ఉండారు. ఆంబులెన్సుకు చేసినాము, వస్తాంది."

అక్కడే నిలబడ్డాను. ఆంబులెన్సు వచ్చింది. దాంట్లో వచ్చిన ఇద్దరూ మగవాళ్లే. లోపలున్నవాళ్లు అబాయాలు కప్పుకునేదాకా తలుపు తీయలేదు. ఎక్కువసేపేమీ పట్టలేదు. ఆస్పత్రికి చేరేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. తలలో రక్తనాళం చిట్లిందన్నారు. ఒక నెల నుంచి తలనొప్పి అంటూనే ఉంది. ఫ్లాష్‌ల వెలుగుకి అనుకున్నాం.

పోలీసులు వచ్చి, ఈమె ఆ హాలులో ఏం చేస్తోందని అడిగారు. మణి నా వీసా మీద వచ్చిన మనిషి, పని చేయడానికి లేదు. నేను నోరు తెరవకముందే పెళ్లికూతురి తల్లి, పెళ్లి బట్టల మీదే అబాయా కప్పుకుని వచ్చి, అరబ్బీలో ఒక్క మాట చెప్పింది. ఇంటావిడను మామా అని పిలిచే పుష్పలత నా పక్కకు వచ్చి తెలుగులో అంది. "మామా ఏం చెప్పిందంటే, ఈమె మా ఇంటి చుట్టం, పెండ్లికి పిలిచినాము అని."

కాగితాల పనంతా ఖలందర్ భాయ్ చూశాడు. ఖైతాన్‌లో మా ఇంటి కింద ఆయనకు చిన్న స్టూడియో ఉంది, రాయచోటి మనిషి. ఆయన దగ్గరే మణి కెమెరా పట్టడం నేర్చుకుంది. నేను ఆమెను తీసుకుని కోనసీమ వెళ్లాను.

*

పెద్దకార్యానికి పటం కావాలన్నారు.

అప్పుడు తెలిసింది, మణి ఫొటో మా దగ్గర లేదని. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండే మనిషి. పెళ్లి ఆల్బమ్ తొంభై ఆరు తుఫానులో నీళ్లపాలైంది. మాకు పిల్లల్లేరు, పుట్టినరోజులూ ఫొటోలూ అనేవి లేవు. దొరికింది ఒక్కటే, ఇఖామా కోసం, అంటే కువైట్‌లో ఉండే అనుమతి పత్రం కోసం తీయించిన పాస్‌పోర్టు ఫొటో. దాన్నే పెద్దది చేయించి చట్రం కట్టించారు.

మా అత్తగారు సూరాయమ్మ గారు ఆ పటం ముందు కూర్చుని చాలాసేపు చూశారు. ఏడవలేదు.

"ఇదేటండి అల్లుడుగారూ, పోలీసోళ్ల ముందు నిలబెట్టినట్టుంది. ఇది మా మణేనా?"

"మణేనండీ."

"మా పిల్లకి ఈ చెంప మీద నవ్వితే సొట్ట పడద్ది. ఏదండీ?"

ఆ ఫొటోలో మొహమంతా ఒకటే తెలుపు. సొట్ట లేదు, చెంప లేదు. సున్నం కొట్టినట్టు అన్న మాట గుర్తొచ్చింది.

కార్యం అయ్యాక ఆవిడ ఆ పటం తీసి బీరువా పైన, గోడ వైపుకి తిప్పి పెట్టారు. నేను బయలుదేరుతుంటే వీధి అరుగు దాకా వచ్చారు.

"ఊరందరికీ ఫొటోలు తీసింది కదండీ. దాన్ని ఎవరూ తీయలేదా?"

మేకు మాత్రం గోడకి అలాగే ఉంచారు.

*

ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలయ్యే రోజుకి వచ్చేశాను. ఖలందర్ భాయ్ నా బ్యాగు మోసుకుని పైకి వచ్చాడు. హాలులో మిగిలిపోయిన సామానంతా పుష్పలత ఆయన షాపులో అప్పజెప్పిందట. స్టాండ్లు, గొడుగులు, కెమెరా సంచి తెచ్చి ముందు గదిలో పెట్టాడు.

"మాస్టరూ, ఇవి నా షాపులో పెట్టుకోమంటారా? కొనేదానికి కాదు. ఇంట్లో కండ్ల ముందర ఉంటే మీకు బాగుండదని."

"ఉండనీ భాయ్."

"టీ అన్నా తాగండి. మా దిల్షాద్ బీ పంపిచ్చింది. మీరు తాగకపోతే నన్ను తిడతాది, నేనే దావలో తాగేసినానని."

టీ తాగుతూ పటం సంగతి చెప్పాను. ఆయన గోడ వైపు చూస్తూ అన్నాడు, "ఆ ఇఖామా ఫొటో తీసింది నేనే మాస్టరూ. కెమెరా మీద ఫ్లాషు పెట్టి తటీమని కొట్టినా. ఆయమ్మ అప్పుడే అనింది, ఏం భాయ్, నన్ను దొంగతనంలో పట్టుకున్నారా అని."

ఆయన వెళ్లాక కెమెరా తీశాను. ట్రిగ్గరు దాని మీద ఇంకా బిగించే ఉంది. మెమరీ కార్డు పెట్టే చిన్న తలుపు తెరిచి చూస్తే ఖాళీ.

అప్పుడు గుర్తొచ్చాయి, సోఫాలో తీసిన మూడు ఫొటోలు. గడ్డం పైకెత్తినది ఒకటి, నా మీద విసుక్కున్నది ఒకటి, వాళ్లమ్మ మాట చెప్పి నవ్వినది ఒకటి. మూడింటిలోనూ ఎడమ పక్క నుంచి వెలుగు. ఆ మూడోదాంట్లో సొట్ట ఉండి తీరాలి.

అవి ఆ కార్డులో ఉన్నాయి. వాటి తరవాత ఒక ఇంటి ఆడవాళ్లందరూ ఉన్నారు.

*

శుక్రవారం పుష్పలతకు సెలవు. మిష్రిఫ్ నుంచి బస్సు మారి ఖైతాన్ వచ్చింది. చేతిలో పెద్ద డబ్బా.

"మామా అన్నం పంపిచ్చింది అన్నా. మాంసం లేకుండా చేయించినాది. మీరు పదకొండు దినాలు తినరని నేనెప్పుడో చెప్పింటి, ఆయమ్మ ఇంగా గుర్తు పెట్టుకున్నాది. పదకొండు అయిపోయినాయని చెప్పల్యా నేను."

డబ్బా తీసుకున్నాను. కార్డు సంగతి అడిగాను.

"మామా దగ్గరుండాది. నేనే తీసి ఇచ్చినా ఆ పొద్దు. అక్క చెప్పింది గదా, ఏం జరిగినా కార్డు ఆ ఇంటోళ్ల చేతికే పోవల్ల అని. ఆయమ్మ బీరువాలో పెట్టి తాళం వేసినాది."

"ఫొటోలు చూసుకున్నారా వాళ్లు?"

"యాడ చూస్తారన్నా! దలాల్ వద్దంటాంది." దలాల్ అంటే పెళ్లికూతురు. "పెండ్లి అంటే ఆ పిల్లకు అక్కే కండ్ల ముందర వస్తాందంట. తుడిచేయండి మామా అని ఒగటే పోరు."

"తుడిచేశారా?"

"లేదులేదు. మామా తొందరపడే మనిషి కాదు."

ఆమెకు మూడు ఫొటోల సంగతి చెప్పాను. వింటూ కొంగు చివర మెలితిప్పుకుంది. ఏదో చెప్పబోయి ఆగింది. తరవాత అంది, "అడుగుతాన్నా. మంచి మాటప్పుడు చూసి అడగల్ల. ఆ ఇంట్లో ఇప్పుడు పెండ్లి మాటెత్తితేనే తలుపులు మూస్తారు."

మంచి మాట దొరకడానికి ఏప్రిల్ అంతా పట్టింది. ఈలోగా అత్తగారు ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు. అన్నం తిన్నారా, బడికెళ్లారా అని అడిగి, చివర్న "పటం?" అనేవారు. ఉందండీ, వస్తుందండీ అనేవాణ్ని. ఒకసారి ఆవిడ, "పైకి చూసి నవ్వే ఫొటో అయితే బాగుంటదండి, కింద కూకుని పువ్వులు పెడతాను కదా, నన్ను చూసినట్టు ఉంటది" అన్నారు. గడ్డం పైకెత్తిన ఫొటో ఉందని చెప్పేశాను. నేను ఎప్పుడూ ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పను. ఆ రోజు చెప్పాను.

మే మొదట్లో మామా ఒప్పుకుంది. కాని కార్డు ఇల్లు దాటకూడదు. వాళ్ల కంప్యూటర్లో పెట్టడానికి లేదు, ఇంట్లో మగపిల్లలు వాడతారు. తెలిసిన ఆడమనిషి ఎవరైనా మా కెమెరా తీసుకుని ఆ ఇంటికి వెళ్లి, మామా కళ్లెదుట ఆ మూడూ చూసి, కెమెరాలోనే రెండో కార్డులోకి ఎక్కించుకుని రావాలి.

ఖలందర్ భాయ్‌కి చెబితే తల గోక్కున్నాడు. "నా చేతికిస్తే చిటికెలో పని మాస్టరూ. ఏం చేస్తాం, గడ్డం ఉండాదే! మీ బడిలో ఆడపంతులమ్మ ఎవరూ లేరా, కంప్యూటర్ తెలిసినాయమ్మ?"

ఉంది. కంప్యూటర్ టీచరు సత్యదుర్గ. కాకినాడ అమ్మాయి, మణి అంటే ప్రాణం పెట్టేది. స్టాఫ్‌రూములో అడిగాను. చేతిలో సుద్దముక్క కిందపెట్టి, "ఎప్పుడు వెళదాం సర్?" అంది.

*

బడి వదిలాక వెళ్లాం. ఆకాశం దుమ్ముతో పసుప్పచ్చగా ఉంది, మిష్రిఫ్ ఇళ్లన్నీ ఒకే రంగులో కనిపించాయి. పుష్పలత గేటు దగ్గరే నిలబడి ఉంది. దుర్గ కెమెరా సంచి భుజాన వేసుకుని ఆమె వెంట లోపలికి వెళ్లింది.

నేను కారులో కూర్చున్నాను. స్పేర్ రిసీవరు మార్చి నుంచి అక్కడే, స్టీరింగ్ ముందే ఉంది. తీయాలనిపించలేదు. ఎందుకో దాని స్విచ్ వేశాను. ఆ రోజు నేను వేసిన బ్యాటరీలే.

కూర్చున్న చాలాసేపటికి ఎర్ర దీపం ఒకసారి వెలిగి ఆరింది.

కారు తలుపు తెరిచి బయట నిలబడ్డాను. వేడిగాలి మొహానికి కొట్టింది. గేటు దాకా నడిచి, వెనక్కి వచ్చి మళ్లీ కూర్చున్నాను. దీపం ఇంక వెలగలేదు.

దుర్గ వచ్చి పక్క సీట్లో కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుంది. పుష్పలత కూడా వెంట వచ్చి కిటికీ పట్టుకుని నిలబడింది.

"ఒకసారి వెలిగింది" అన్నాను, రిసీవరు చూపించి.

"నేనే సర్. ఆన్ చేయబోయి ఏదో నొక్కాను. వాళ్ల తివాచీ ఫొటో పడింది. అక్కడే తుడిచేశాను." సంచి జిప్పు లాగి మూసింది. "ఆ మూడూ లేవు సర్."

"మొదట్లో ఉంటాయి. అన్నింటికన్నా ముందు."

"చూశాను సర్. మొదటి ఫొటో సాంబ్రాణి వేసే గిన్నె. దానికి ముందు నంబర్లు మూడు లేవు. తీసినవే, తరవాత ఎవరో తుడిచేశారు."

నేను పుష్పలత వైపు చూశాను. ఆమె తల దించుకుంది.

"అక్కే అన్నా. ఎప్పుడూ అంతే. నువ్వు బయటికి పోతానే అవి తీసేస్తాండె. వాళ్ల ఆడబిడ్డల కార్డులో మగాయన చేత్తో తీసిన బొమ్మ ఒగటి కూడా ఉండగూడదు, నమ్మి పిలిచినారు అని. నాకు ఆ పొద్దే నీకు చెప్దామని నోటి దాకా వచ్చినాది. ఈ ఒక్కసారికి మరిచిపోయిందేమోలే అని ఆశపడితిని."

నాకు కోపం రాలేదు. మణి చేసింది సరైన పనే. నేనైనా అదే చేయమనేవాణ్ని.

దుర్గ ఇంకా సంచి జిప్పు లాగుతూ మూస్తూ ఉంది. "సర్, ఇంకొకటుంది."

"చెప్పండి."

"చివరి ఫొటోలో మణిగారు ఉన్నారు."

పుష్పలత కిటికీ వదిలి ఒక అడుగు వెనక్కి వేసింది. "అది నేను తీయల్యా అన్నా. అక్క పడినాక కెమెరా కాళ్లల్లో ఉంటే, ఎవురన్నా తొక్కుతారని చేతికి తీసుకుంటి. యాడ నొక్కుకున్నాదో నాకు తెలియనే తెలియదు. అందరి మొగాల మీద తెల్లగా మెరిసినాది. భయపడి కింద పెట్టేస్తి."

దుర్గ పాఠం చెప్పినట్టు, తొందర లేకుండా చెప్పింది. మణి స్టేజీ మెట్ల మీద పడుకుని ఉంది. పెళ్లికూతురు దలాల్, ఆ తెల్లగౌనుతోనే నేల మీద కూర్చుని, మణి తల ఒళ్లో పెట్టుకుంది. చుట్టూ ఆడవాళ్లు వంగి చూస్తున్నారు. ఎవరి తల మీదా ముసుగు లేదు.

"ఫొటో కదిలిపోలేదు సర్. చాలా స్పష్టంగా ఉంది. లైటు కూడా..." ఆమె అక్కడ ఆగిపోయింది.

"లైటు?"

"ఎడమ పక్క నుంచి పడింది. మొహం పైకి ఉంది. బాగుంది సర్."

ఆ లైట్లు నేనే పెట్టాను. ఆ ఫొటో ఏ క్షణాన తీసిందో కూడా నాకు తెలుసు. కొత్త బ్యాటరీలు వేశాక ఒకసారి వెలిగిన దీపం అదే.

"కళ్లు?" అని అడిగాను.

"తెరిచే ఉన్నాయి."

అప్పటికి మణి బతికి ఉందో లేదో దుర్గను అడగలేదు. ఫొటో చూసి అది చెప్పడం ఎవరివల్లా కాదు.

పుష్పలత మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది. "మామా చూసినాది అన్నా. చూసి శానాసేపు ఏడ్చినాది. మీకు చెప్పమన్నాది. బొమ్మ మొత్తం ఇచ్చేదానికి లేదంట, కూతురి తల మీద ముసుగు లేదు గదా. అక్క మొగం ఒక్కటి కత్తిరిచ్చి ఇస్తాదంట, ఆడమనిషి చేతనే చేయించి. చుట్టూ ఏమీ కనబడదు. చూసేటోళ్లకు అక్క తల ఎత్తి ఎవురినో చూస్తాన్నట్టే ఉంటాది. మీరు ఊ అంటే చాలంట. వద్దంటే కార్డు తుడిచేస్తాదంట."

నేను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

"మాస్టరు చెప్పేదాంకా కార్డు ఎవురూ ముట్టుకోగూడదని దలాల్ కూడా అన్నాది అన్నా. నెల నుంచి తుడిచేయమని పోరిన పిల్ల."

"ఆలోచించి చెబుతానని చెప్పు."

"ఎప్పుడని చెప్పేది?"

"చెబుతాను."

దారిలో దుర్గ ఖైతాన్ దగ్గర దిగుతూ, "సర్, నేను చూశాను కదా. ఆవిడ మొహంలో బాధేమీ లేదు" అంది. నా కోసం అన్నదో నిజమే అన్నదో తెలియలేదు. థాంక్స్ చెప్పాను.

ఖలందర్ భాయ్‌ని తుడిచేసిన మూడూ వెనక్కి రావా అని అడిగాను. ఆయన లెన్స్ తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "వాటి మింద పెండ్లి మొత్తం పడింది మాస్టరూ. వాటి చోటే ఇంగ లేదు. నా మాట వినండి, ఆ ఇంకొకటి తీసుకోండి. పెద్దామెకు చెప్పకుంటే సరిపాయె. ఆయమ్మ పూలు పెట్టుకుంటాది, మీరు కండ్లు మూసుకుంటారు."

"నాకు తెలుసు కదా భాయ్."

ఆయన లెన్స్ కింద పెట్టాడు.

*

జూన్‌లో మామా వాళ్లు ఎండలు తప్పించుకోవడానికి దేశం దాటి వెళ్లారు. వెళ్లేముందు పుష్పలత చేత మళ్లీ అడిగించారు. చెబుతానన్నాను. ఆ వేసవి సెలవులకి నేను ఊరు వెళ్లలేదు. ఎండ ఎక్కువైంది, పరీక్షల పనుంది అని అత్తగారికి చెప్పాను. సెలవుల్లో బడికి పరీక్షలు ఉండవని ఆవిడకు తెలుసు.

"సరేలెండి" అన్నారు. "ఆ పైకి చూసే ఫొటోయే కదండీ కట్టిస్తున్నారు?"

"అవునండీ."

మాట నోటి నుంచి వచ్చేశాక కాని, నేను దేనికి అవునన్నానో నాకు తెలియలేదు.

ఏళ్లు గడిచాయి. పుష్పలత పనిచాలించి రైల్వే కోడూరు వెళ్లిపోయి మూడేళ్లయింది. దలాల్‌కి ఇద్దరు పిల్లలు. సత్యదుర్గ ఇంకా మా బడిలోనే ఉంది, ఆ సంగతి ఎత్తదు. స్టాండ్లూ గొడుగులూ ఖలందర్ భాయ్ తీసుకెళ్లి వేరే అమ్మాయికి నేర్పిస్తున్నాడు. కెమెరా, ట్రిగ్గరు మాత్రం నేను ఉంచుకున్నాను. రిసీవరులోంచి బ్యాటరీలు తీసేశాను.

కార్డు మామా బీరువాలోనే ఉంది. అత్తగారి గోడకి మేకు అలాగే ఉంది. నేను ఇంకా జవాబు చెప్పలేదు.